ఫ్లెక్సీ మీది పిలగాడు

ఫోనుకు ముందు వైపు కూడా ఒక కెమెరా ఉంటుందని మాకింకా తెలియని రోజులవి. మనిషి తన మొహం తాను చూసుకోవాలంటే అద్దం ముందుకు వెళ్లాలి, పదిమందికీ చూపించుకోవాలంటే ఫ్లెక్సీ ఎక్కాలి. ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పటాన్‌చెరు దాకా రోడ్డుకు రెండు పక్కలా ఆకాశం కనిపించకుండా ఫ్లెక్సీలే ఉండేవి. పుట్టినరోజు ఫ్లెక్సీలు, పండగ ఫ్లెక్సీలు, ఎవరో ఎవరినో దేనికో అభినందిస్తూ కట్టిన ఫ్లెక్సీలు. మధ్యలో ఒక పెద్దమనిషి నిలువెత్తున చేతులు జోడించి నిలబడితే, ఆయన కాళ్ల దగ్గర గుండ్రటి గళ్లలో మా వయసు వాళ్లు వరసగా కనిపించేవాళ్లు. ఒకడు నల్ల కళ్లద్దాలతో, ఒకడు చెవి దగ్గర ఫోనుతో (అవతల ఎవరూ ఉండరు, ఫోన్లో బ్యాలెన్సూ ఉండదు), ఒకడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దేశం గురించి ఆలోచిస్తూ. ఆ గుండ్రటి గడిలో చోటు దొరికిందంటే ఊళ్లో వాడూ ఒక మనిషిగా లెక్కకు వచ్చినట్టే. నేనూ లెక్కకు రావాలని గట్టిగా అనుకున్న సంవత్సరం ఒకటుంది. ఇప్పుడు నవ్వుకుంటూ చెబుతున్నాను గానీ, అప్పుడు నాకది ఏమాత్రం నవ్వులాట కాదు.

అప్పటికి నేను చిట్కుల్‌లో మరో ఇద్దరితో కలిసి ఒక కిరాయి గదిలో ఉంటూ, దగ్గర్లోని అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. నాకు పుట్టుకతో వచ్చిన గుణం ఒకటుంది. ఏదైనా తప్పని నాకు తోచిందంటే, దాన్ని సరిచేసేదాకా నాకు అన్నం సహించదు, పక్కవాళ్లు నన్ను సహించలేరు. అమ్మ దీన్ని మొండితనం అనేది, నేను పట్టుదల అనుకునేవాణ్ణి. ఆ పట్టుదలకు మొదటిసారి పని తగిలింది ఫ్యాక్టరీ వాళ్లు మెడలో వేసుకోమని ఇచ్చిన గుర్తింపు కార్డుతో. ఆ కార్డులో ఉన్నవాడు నేను కాదు. నా పేరే, నా చొక్కానే, నాలాగే చెవులు కొంచెం పెద్దవే. అయినా నేను కాదు. ముక్కు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది, ఒక కన్ను ఇంకో కంటి కంటే చిన్నదిగా ఉంది, నవ్వు మూతికి ఒక కొసన మాత్రమే ఉంది. రోజూ పొద్దున అద్దంలో నేను చూసుకునే మనిషి ఎంత చక్కగా ఉంటాడు! ఆఫీసులోకి వెళ్లి, ఫోటో మారిపోయింది సార్, వేరేవాళ్లది పెట్టారు అన్నాను. అక్కడి సారు కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. "గింత కరెక్టుగ ఎవ్వల్ది రాలేదయ్యా. పో, షిఫ్టుకు టైమైతుంది" అన్నాడు. గేటు దగ్గర బిహారు నుంచి వచ్చిన వాచ్‌మన్ కూడా కార్డు చూసి "బరాబర్ హై" అని లోపలికి పంపాడు. నన్ను లోపలికి పంపినందుకు ఆయన మీద నాకు కోపం రావడం ఈరోజుకీ నాకే వింతగా అనిపిస్తుంది.

కార్డును తిప్పి వేసుకుని ఆ కష్టాన్ని ఎలాగో దిగమింగాను. ఫ్లెక్సీ దగ్గరకు వచ్చేసరికి అలా దిగమింగడానికి వీల్లేకుండా పోయింది, ఎందుకంటే మధ్యలో అమ్మ ఉంది. అమ్మ సంగారెడ్డికి అవతల మా ఊళ్లో ఉండేది. అదే ఊరికి కోడలిగా వచ్చిన ఆమె చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, రెండిళ్ల అవతల ఉండేది. ఆ ముందటి ఏడు చిన్నమ్మ కొడుకు ఫోటో పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఏదో ఫ్లెక్సీ మీద పడింది. చిన్నమ్మ మా అమ్మను పనిగట్టుకుని బస్సెక్కించి తీసుకెళ్లి, ఎండలో నిలబెట్టి, "సూడు అక్కా, మావోడు" అని చూపించింది. అక్కడితో ఆగినా బాగుండేది. బావి దగ్గర, నాట్ల దగ్గర, పెళ్లిళ్లలో విస్తరి ముందు కూచున్నప్పుడు కూడా అదే మాట. అమ్మ నాతో ఒక్కసారే అంది, అదీ అన్నం వడ్డిస్తూ, నా మొహం చూడకుండా. "నిన్ను గూడ ఏస్తరా కొడుకా గట్ల?" ఏమడిగినా గట్టిగా అడిగే మనిషి, ఆ మాట మాత్రం అంత మెల్లగా అడిగింది. ఆ ఏడు చిట్కుల్‌లో మా యూత్ సంఘం చౌరస్తాలో వినాయకుణ్ణి నిలబెడుతోంది, మండపం ముందు పెద్ద ఫ్లెక్సీ కడతామన్నారు. నేను ఊళ్లోకి కబురు పెట్టాను. అన్నదానం రోజు రా అమ్మా, చిన్నమ్మను కూడా తీసుకుని రా, చౌరస్తాలో నా ఫోటో ఉంటుంది అని.

ఇక ఆ ఫోటో ఎలా ఉండాలో మీరే ఊహించుకోండి. చిన్నమ్మ తలెత్తి చూసి నోరు మూసుకోవాలి. అమ్మ వెతుక్కోకుండా చూడగానే పోల్చుకోవాలి (అమ్మకూ చిన్నమ్మకూ చదువు రాదు, కింద రాసిన పేర్లు వాళ్లకు పనికిరావు). పటాన్‌చెరులో స్టూడియోకు వెళ్లి, కొత్త గడియారం కనబడేలా ఎడమ చెయ్యి గడ్డం కింద పెట్టుకుని ఫోటో దిగాను. ఫోటో చేతికి వచ్చింది. మళ్లీ వాడే! కార్డు మీది ఒంకర ముక్కువాడు ఈసారి నా గడియారం కూడా పెట్టుకుని వచ్చాడు.

ఆ రోజు గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. మా గదిలో మేకుకు వేలాడే అద్దం ఒకటుండేది. మాకంటే ముందు కిరాయికున్న వాళ్ల బొట్టుబిళ్లలు దాని నిండా అతికి ఉండేవి, వాటి మధ్య సందుల్లోంచి మేం తలలు దువ్వుకునేవాళ్లం. ఫోటోను ఆ అద్దం పక్కన పట్టుకుని, ఒకసారి ఇదీ ఒకసారి అదీ చూస్తూ నిలబడ్డాను. దొంగ దొరికిపోయాడు. నాకు చెంప మీద ఒక పుట్టుమచ్చ ఉంది. కళ్లు మూసుకుని ఏ చేత్తో తడుముకున్నా అది నా ఎడమ చెయ్యి వైపే ఉంటుంది. అద్దంలోనూ అది నా ఎడమ చెయ్యి వైపే ఉంది. మరి ఫోటోలో? కుడి చెయ్యి వైపు! పాపిడి కూడా అంతే, చిన్న కన్ను కూడా అంతే, అన్నీ అవతలి పక్కకు దూకేశాయి. నా ఒంటి మీది మచ్చ ఎటు ఉందో నాకు తెలియదా? అద్దం నిజం చెబుతోంది, కెమెరా అబద్ధం చెబుతోంది, ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. మొదట పట్టుకున్నవాణ్ణి నేనే అనుకుని, ఆ పూట నేను పొందిన గర్వం తర్వాత నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా పొందలేదు.

ఫోటో పట్టుకుని ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లాను. అక్కడ కంప్యూటర్ ముందు కూచునే డిజైనర్ తమ్ముడు నాకంటే చిన్నవాడే గానీ, ఆ రోడ్డు మీద ఎవరి మొహం ఎంత పెద్దగా ఉండాలో నిర్ణయించేది అతనే కాబట్టి అందరూ మర్యాదగా మాట్లాడేవాళ్లు. ఫోటో తప్పు పడింది, మచ్చ ఎడమ నుంచి కుడికి పోయింది, మార్చాలి అన్నాను. "తప్పెట్ల పడ్తదన్నా ఫోటో?" అన్నాడు. "నా మొహం నాకు తెల్వదా తమ్మీ? రోజూ సూస్కుంటలేనా?" అన్నాను. అతను వాదించలేదు. మౌసు ఒక్క నొక్కు నొక్కాడు, అంతే. తెర మీద మొహం ఇటు నుంచి అటు తిరిగిపోయింది. "లీడర్లు ఏ దిక్కుంటే ఆ దిక్కుకు మొహాలు తిప్పుడే నా పని. నీదొక లెక్కనా అన్నా" అన్నాడు.

తెర మీద నేనున్నాను. ముక్కు నిటారుగా, రెండు కళ్లూ సమంగా, నవ్వు ఉండాల్సిన చోట ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఫోటోలో నాకు నేను కనిపించడం అదే మొదటిసారి. ఎక్కడో తప్పిపోయిన సొంత తమ్ముడు ఎదురైనట్టు సంతోషపడ్డాను. జెర రంగు పెంచు తమ్మీ అని కూడా అన్నాను (అడక్కపోయినా అతను పెంచేవాడే, ఆ దుకాణంలోకి నల్లగా వెళ్లిన ఏ మొహమూ నల్లగా బయటికి రాలేదు).

ఫ్లెక్సీ కట్టారు. కింద నిలబడి తలెత్తి చూస్తున్న నా రూమ్మేటు అడిగాడు. "అంతా బాగుంది గని, నీ ఫోటో ఏదిరా?" చూపించాను. వాడు చాలాసేపు చూశాడు. "నీ పేరుంది. ఫోటో ఎవల్దో పడ్డదిరా" అన్నాడు. రెండో రూమ్మేటు ఇంకా దయగలవాడు కాబట్టి "నీ లెక్కనే ఉన్నడు గని నువ్వు కాదు. గడియారం కుడి చేతికెందుకుంది?" అన్నాడు. గడియారం సంగతి నేను చూసుకోలేదు! అయినా తగ్గలేదు. మీ చూపే తప్పు అన్నాను. సంఘం ప్రెసిడెంటు కూడా వచ్చి, డిజైనర్ ఎక్కడో గడబిడ చేశాడు, ఫోన్ చేసి తిడతానన్నాడు. నేను అడ్డం పడ్డాను. అలా ఊరంతా ఒక పక్కా నేనొక్కణ్ణీ ఒక పక్కా ఉన్న సమయంలో నాకు సాక్షి దొరికాడు.

ఆయన మా సెలూన్ చాచా. చిట్కుల్‌కు వచ్చినప్పటి నుంచీ నా తల ఆయన చేతిలోనే ఉండేది. నా ఒక్కడిదేమిటి, ఆ ఫ్లెక్సీ మీదున్న తలలన్నీ ఆయన చేతి కింద వంగినవే. ఆయన మోపెడ్ మీద పోతూ పోతూ ఫ్లెక్సీ కింద ఆగి, తలెత్తి, నా వైపు చెయ్యూపాడు. "మాషా అల్లా బేటా! ఫోటో జబర్దస్తుగ వచ్చింది. అచ్చం నువ్వే. తక్కినోళ్లందరియి జెర అటిటు ఉన్నయ్ గని, నీది మాత్రం బరాబర్ పడ్డది."

ఇంకేం కావాలి! చాచాను మోపెడ్ దింపి, చెయ్యి పట్టుకుని మండపం ముందుకు తీసుకొచ్చాను. ప్రెసిడెంటునూ రూమ్మేట్లనూ పిలిచాను. ఇంతమంది మొహాలు రోజూ చూసే మనిషి చెబుతున్నాడు, వినండి అన్నాను. చాచా ఫ్లెక్సీ మీది నన్ను చూసి గట్టిగా తలూపాడు. తర్వాత కింద నిలబడ్డ నన్ను చూశాడు. తల ఊపడం ఆగింది. "ఆగు బేటా. జెర వెలుతురుల నిలవడు" అన్నాడు. నిలబడ్డాను. గడ్డం పట్టుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, రెండడుగులు వెనక్కి వేసి కళ్లు చికిలించాడు. "అరే, నువ్వు బయట వేరేగున్నవేంది?" అన్నాడు. అందరూ ఒక్కసారి నవ్వారు. చాచా మాత్రం నవ్వలేదు, ఆయన నిజంగానే పరేషాన్ అయ్యాడు. ఆలోచించి చూస్తే, ఆయన నన్ను ఎదురుగా ఎప్పుడు చూశాడు? గడ్డం గీసేటప్పుడు చెంప, మీసం కత్తిరించేటప్పుడు మూతి. అంతా ముక్కలు ముక్కలుగా చూసేవాడు. పూర్తి మొహం చూసిందీ, మాట్లాడిందీ, నా జీతం గురించీ ఆయన కూతురు చదువు గురించీ గంటలు గంటలు ముచ్చట పెట్టిందీ అంతా నా వెనక నిలబడి, అద్దంలోకి చూస్తూనే.

చాచా పక్కనే ఉన్న సెలూన్‌కు వెళ్లి, కటింగ్ అయ్యాక తల వెనక భాగం చూపించడానికి వాడే చేతి అద్దం తెచ్చాడు. నా ముందు పట్టుకుని, నా భుజం మీదుగా తొంగి చూసి, "హా! గిది నువ్వు!" అని ఊపిరి పీల్చుకున్నాడు. అద్దంలో మొహం, ఫ్లెక్సీలో మొహం ఒక్కటే. రూమ్మేట్లు కూడా అద్దంలోకి తొంగి చూసి, అవును ఒక్కటే అన్నారు. నేను గెలిచాననుకున్నాను. కానీ అద్దం ఒక చేతిలో ఆగితే కదా! దయగల రూమ్మేటు అద్దం లాక్కుని తన మొహం చూసుకుని, ఫ్లెక్సీ మీది తన ఫోటో చూసి, "అరే! నా ముక్కు గిట్ల లేదు కదరా!" అన్నాడు. మొదటి రూమ్మేటు లాక్కున్నాడు. వాడి పాపిడి అటు పోయింది. ఇంకొకడు వచ్చాడు, వాడి చెవిపోగు అటు పోయింది. గుండ్రటి గళ్లలో ఉన్నవాళ్లంతా అద్దం కోసం తోసుకుంటూ, నాది తప్పు పడ్డదంటే నాది తప్పు పడ్డదని గోల. చివరికి అద్దం ప్రెసిడెంటు చేతికి వెళ్లింది. ఆయన మొహం అందరికంటే పెద్దగా ఉంది కాబట్టి తేడా కూడా పెద్దగానే కనిపించి ఉంటుంది. అద్దం చూశాడు, ఫ్లెక్సీ చూశాడు, మళ్లీ అద్దం చూశాడు. "అంటే నేను గిదా, గదా?" అన్నాడు. ప్రెసిడెంటు అడిగిన అలాంటి ప్రశ్నకు జవాబు చెప్పి చెడ్డవాడు అయ్యేదెవరు? "దేవుని ముంగట మన మొహాల పంచాయితీ ఏందిరా, పనులు సూడుండ్రి" అని ఆయనే అద్దం చాచాకు ఇచ్చేశాడు. మర్నాటి నుంచి ఆయన ఫోటో దిగేటప్పుడల్లా మొహం కొంచెం పక్కకు తిప్పుకోవడం మాత్రం అందరం గమనించాం.

ఆ గోల మధ్యలోనే నాకు విషయం అర్థమైంది. ఎదుటివాళ్లు చూసే నేను వేరు, అద్దంలో నాకు కనిపించే నేను వేరు. నా మచ్చ నా ఎడమ వైపే ఉన్నా, నాకు ఎదురుగా నిలబడ్డవాడికి అది వాడి కుడి చెయ్యి వైపే కనిపిస్తుంది. ఫోటో కూడా అలా ఎదురుగా నిలబడి చూసేదే. రోజూ అద్దంలో చూసి చూసి అలవాటైన మొహం కాబట్టి అది నాకు తిన్నగా కనిపిస్తోంది, అలవాటు లేని మొహం కాబట్టి ఇది ఒంకరగా కనిపిస్తోంది. అంతే సంగతి. కానీ అర్థమైనంత మాత్రాన ఒప్పుకునే రకాన్ని కాదు నేను. ఎవరికెలా కనిపిస్తే నాకేంటి, నా మొహం నాకు నచ్చినట్టే ఉంటుంది అని పట్టుబట్టాను. డిజైనర్‌కు ఫోన్ చేస్తానన్న ప్రెసిడెంటును మళ్లీ ఆపాను. ఫ్లెక్సీ అలాగే ఉండిపోయింది.

అన్నదానం రోజు అమ్మా చిన్నమ్మా బస్సు దిగారు. అమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. ఎండలో నిలబడి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఫ్లెక్సీ ఈ కొస నుంచి చూడ్డం మొదలుపెట్టింది. నేను వెనక నిలబడ్డాను. ఒక్కో గడీ దాటుతోంది. నా గడి దగ్గరకు వచ్చింది. ఆగింది. "గీ పిలగాడు ఎవలో గని, మీ మేనమామ పోలికున్నది" అంది అమ్మ. అని, పక్క గడికి వెళ్లిపోయింది.

ఆ కొసకు వెళ్లింది. మళ్లీ మొదటికి వచ్చింది. రెండోసారి చూస్తున్నప్పుడు ఆమె మెడ తిరగడం నెమ్మదైంది. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోనీ తియ్యి అక్కా. ఈ ఏడు కాకుంటె ఒచ్చే ఏడు ఏస్తరు" అంది. అమ్మ నా వైపు తిరిగి, నన్నేమీ అడక్కుండా, నేను సిగ్గుపడతానేమోనని తానే ముందు నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. గదిగో అమ్మా, నువ్వు మేనమామ పోలిక అన్నవాడే నేను అని చెప్పొచ్చు. చెబితే ఏమవుతుంది? కన్నతల్లి కొడుకును పోల్చుకోలేకపోయిందని చిన్నమ్మ దాన్ని కూడా బావి దగ్గరకు మోసుకుపోతుంది. ఒక్క అబద్ధం నోటికొచ్చింది. "నాది ఇంక అతికియ్యలేదమ్మా. లేటుగ ఇచ్చిన. మీరు అన్నం తిని వచ్చేసరికి ఉంటది" అన్నాను.

మొండితనం మంచిదో చెడ్డదో నాకు తెలియదు గానీ, ఆ రోజు అది నాకు కాళ్లలోకి దిగింది. రూమ్మేటు బండి తీసుకుని పటాన్‌చెరుకు ఎలా వెళ్లానో గుర్తులేదు. డిజైనర్ తమ్ముడు అన్నం డబ్బా తెరుచుకుని కూచున్నాడు. "తమ్మీ, నా మొహం మళ్ల తిప్పు" అన్నాను. అతను ఎడమ చేత్తో అదే నొక్కు నొక్కాడు. ఒంకర ముక్కువాడు తెర మీదికి వచ్చాడు. "రంగు కూడా తీసెయ్" అన్నాను. ఆ దుకాణం పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ అడగని మాట అది. అతను ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి చూశాడు. స్టిక్కర్ చేయించుకుని వెనక్కి వచ్చేసరికి అమ్మ వాళ్ల పంక్తి మజ్జిగ దగ్గరకు వచ్చింది. నిచ్చెన వేసుకుని ఎక్కాను. నాకు నచ్చిన మొహం మీద నాకు నచ్చని మొహాన్ని పెట్టి, గాలిబుడగలు లేకుండా చెంపలూ నుదురూ అరచేత్తో ఒత్తి ఒత్తి అతికించాను. అంత దగ్గర్నుంచి వాణ్ణి చూడ్డం అదే మొదలు. వీడికేనా ఇన్నాళ్లూ అమ్మ తలకు నూనె పెట్టిందీ, జ్వరమొస్తే పక్కన కూచుందీ! అనుకుంటే నాకు వాడి మీద కొంచెం జాలి, కొంచెం అసూయ కలిగాయి.

నిచ్చెన దిగి ఇంకా పక్కకు జరగనే లేదు, వెనక నుంచి అమ్మ గొంతు. "అగో! గాడున్నడు నా కొడుకు!" ఈసారి వెతకలేదు. ఆ కొసనా ఈ కొసనా చూడలేదు. చెయ్యెత్తి తిన్నగా నా ముక్కు మీదికే చూపించింది. మచ్చ దగ్గర్నుంచీ చెవుల దాకా కళ్లతోనే తడిమి, రెండు చేతులూ కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. చిన్నమ్మ నిలబడి చూసి చూసి, "మావోనిదాని కన్న జెర పెద్దగనే ఉన్నదిలే" అని ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఆమెకు అనుమానం వచ్చింది. "గాడ ఇంతకు ముందు ఒక పిలగాడుండె కదక్కా?" అంది. ఇద్దరూ నా వైపు చూశారు. "వాడు చందా ఇయ్యలేదు. తీసేసిన్రు" అన్నాను. "అయ్యో పాపం" అంది అమ్మ.

నిమజ్జనం అయ్యాక ఆ ఫ్లెక్సీని ఊరికి తీసుకెళ్లి అమ్మకు ఇచ్చాను. అప్పట్లో ఫ్లెక్సీలన్నిటికీ అసలు బతుకు దింపిన తర్వాతే మొదలయ్యేది. కొన్ని గడ్డివాముల మీదికి, కొన్ని కోళ్లగూళ్ల మీదికి వెళ్లేవి. అమ్మ దాన్ని పొయ్యికట్టెల మీద, నా మొహం వాకిట్లోకి కనబడేలా కప్పింది. రెండు వానలు గట్టిగా పడ్డాయి. ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది. "నీ ఫోటో ఊడిపోయింది కొడుకా. గాడ గా పిలగాడే ఉన్నడు. వాని మొహం మీదనే నీది అతికిచ్చిన్రా? ఎవలు కన్న బిడ్డనో, పండుగపూట వానికి గట్ల చేస్తరా?" అంది. నేను నవ్వాపుకుంటూ, పోనీలే అమ్మా, తీసి పారెయ్ అన్నాను. తీయలేదు. ఆ తర్వాత నేను ఊరికి వెళ్లినప్పుడు చూస్తే కట్టెలు తడుస్తున్నాయి, ఆ పిలగాడు మాత్రం చూరు కింద పొడిగా ఉన్నాడు.

ఇప్పుడు మేం పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకున్నాం. అమ్మ మాతోనే ఉంటుంది. మా అమ్మాయి ఫోను ముందు కెమెరాలో తన మొహం చూసుకుని మురిసిపోయి, స్నేహితురాలు వెనక కెమెరాతో తీసిన ఫోటో చూసి "ఇది నేను కాదు డాడీ" అని ఏడుపు మొహం పెడుతుంది. నేను శాస్త్రం చెప్పబోతాను. ఆమె వినదు. ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. ఒకప్పటి గుండ్రటి గడి ఇప్పుడు నా దగ్గర లేదు గానీ, మెడలో కార్డు ఇంకా ఉంది. తిప్పకుండానే వేసుకుంటున్నాను. నచ్చి కాదు, గేటు దగ్గర ఆ ఒంకర ముక్కువాడికి పలుకుబడి ఎక్కువని.

మొన్న ఆదివారం పొద్దున స్నానాల గది బయటి అద్దం ముందు నిలబడి, ఉన్న కాసిని వెంట్రుకలకు రంగు వేసుకుంటున్నాను. అమ్మ వెనక నుంచి చెంబు పట్టుకుని పోతూ పోతూ ఆగింది. అద్దంలోకి చూసింది. కళ్లు చికిలించి ఇంకో అడుగు ముందుకు వేసింది. ఫ్లెక్సీ ముందు చేసినట్టే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. "అగో! గా పిలగాడు!" అంది. "ఏ పిలగాడమ్మా?" అన్నాను, తెలిసి కూడా. "గదే, చందా ఇయ్యనోడు. ఇన్నొద్దులు గీడున్నడా వీడు?" అంది. బ్రష్షు పక్కన పెట్టాను. ఇన్నేళ్ల తర్వాత మొత్తం కథ చెప్పాను. కార్డూ, కెమెరా, చాచా అద్దం, నిచ్చెనా అన్నీ. అమ్మ శ్రద్ధగా విన్నది. విని, "నువ్వు అద్దంల సూస్కుంటవ్ కొడుకా. నిన్ను సూశేది నేను కద" అంది. అని, అద్దంలోని వాడి వైపు చూసి, "అయితే వీడు గూడ నావోడేనన్నట్టు" అని తనలో తాను నవ్వుకుంది.

నేనూ అద్దంలోనే నవ్వాను. నవ్వుతూ నా మొహం పక్కనున్న ఆమె మొహం చూశాను. ముక్కుపుడక అవతలి పక్కకు పోయింది, చెంప మీది ముడతలు తారుమారయ్యాయి, నవ్వు ఇంకో కొసకు వెళ్లింది. ఎవరో ముసలమ్మ, మా అమ్మ పోలికలతో. ఒక్క క్షణం భయమేసింది. రంగు చేతులతోనే గబుక్కున వెనక్కి తిరిగాను. అమ్మ అక్కడే ఉంది, చెంబు పట్టుకుని, ముక్కుపుడక ఉండాల్సిన పక్కనే.